సగం సగం: శాసనసభ చూడనక్కర్లేని సంతకాలు

సీలేరు మీద తెలుగులో రాతలకి కొదవ లేదు. ఘాట్ రోడ్డు మలుపులు, పొగమంచు, దారకొండ అడవి, "స్వర్గమంటే ఇదే" అని ముగిసే యాత్రా కథనాలు ప్రతి చలికాలం రెండో మూడో చదువుతూనే ఉంటాం. కానీ ఆ నది నడకని నిజంగా మార్చిన రాత ఇంకొకటుంది. దానికి సమీక్ష రాలేదు, దాని మీద సభ పెట్టలేదు, మన సాహిత్య లోకం దాన్ని రాతగా కూడా లెక్కేసుకోలేదు. అది 1962లో ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం. బలిమెల ఆనకట్ట దగ్గర అందే నీళ్ళు రెండు రాష్ట్రాలకీ చెరి సగం అన్నది దాని సారం. ఆ ఒక్క మాట మీద ఒక పెద్ద జలాశయం లేచింది, రెండు రాష్ట్రాల విద్యుత్ కేంద్రాలు నడిచాయి, కొన్ని వందల ఊళ్ళ రాత తిరిగింది.

నా వాదన ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచే ఓపిక నాకు లేదు. ఈ దేశంలో రెండు రాష్ట్ర ప్రభుత్వాలు ఏ చట్టసభ గడపా తొక్కకుండా ఒక నదిని పంచుకోవచ్చు. రాజ్యాంగం ఆపదు. కోర్టులు కూడా చెల్లుతుందనే అంటాయి. నేను చెల్లదని వాదించడానికి రాలేదు. చెల్లుతోంది కాబట్టే భయం. ఈ ఖాళీ మైదానంలో ఒక రకంగా పనిచేస్తుంది, కొండ మీద ఇంకో రకంగా. కొండ మీద అది ఐదో షెడ్యూలుకి తెలియకుండానే దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంది. పార్లమెంటు ఆమోదం ఉంటే అంతా సర్దుకుంటుందనే మిత్రులతో కూడా నాకు పేచీ ఉంది. అది తర్వాత.

ముందు నది సంగతి. మాడుగుల కొండల్లో పుట్టి, పైన మాచ్‌ఖండ్ అన్న పేరుతో పారి, కిందకొచ్చేసరికి సీలేరు అవుతుంది. చాలా దూరం రెండు రాష్ట్రాలకీ అదే సరిహద్దు. పైన జలాపుట్ జలాశయం, డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, ఇంకా కిందకి చిత్రకొండ దగ్గర బలిమెల, ఆ తర్వాత సీలేరు ఊరి దగ్గర 240 మెగావాట్ల అప్పర్ సీలేరు, డొంకరాయిలో 25 మెగావాట్లు, మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల లోయర్ సీలేరు. అక్కణ్ణించి శబరిలోకి, కూనవరం దగ్గర శబరితో పాటు గోదావరిలోకి. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఒకే పైప్‌లైన్‌లో వరసగా పెట్టిన మెట్లు. పై మెట్టులో ఎవరో ఒక అంకె మారిస్తే కింద ఉన్న ప్రతి మెట్టూ మారుతుంది. అందుకే ఆ అంకెని ఎవరు, ఎవర్ని అడిగి పెట్టారన్నది చిన్న ప్రశ్న కాదు.

మొదటి అంకె 70:30. మాచ్‌ఖండ్ కరెంటులో 70 వంతులు మద్రాసుకి, అంటే తర్వాత ఆంధ్రకి. 30 ఒరిస్సాకి, దాన్ని సగం దాకా పెంచుకునే వీలుతో. ఈ ప్రాజెక్టు మీద మద్రాసు, ఒరిస్సా మాట్లాడుకున్న 1940లలో మద్రాసుకి ఎన్నికైన ప్రభుత్వమే లేదు. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేశాక 1946 ఏప్రిల్ దాకా గవర్నర్ పాలన. సరే, అది తెల్లవాళ్ళ కాలం అనుకుందాం. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి మాచ్‌ఖండ్‌ని ప్రారంభించేసరికి మనకి రాజ్యాంగం ఉంది. 1962లో బలిమెల దగ్గర రెండో అంకె పడేసరికి మూడు సాధారణ ఎన్నికలు అయిపోయాయి. అయినా పద్ధతి మారలేదు. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. వాళ్ళు ఇంకెవర్నైనా అడిగి తీరాలన్న నియమం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

బలిమెల జలాశయం నిండాక ఒరిస్సా వైపు 151 ఊళ్ళు మూడు పక్కల నీళ్ళతో, ఒక పక్క మన రాష్ట్రం కొండలతో మిగిలిపోయాయి. వాటికి ప్రభుత్వం పెట్టిన పేరు "కట్-ఆఫ్ ఏరియా". తెగిపోయిన ప్రాంతం. మిగతా మల్కనగిరికి పోవాలంటే పడవే దిక్కు. గురుప్రియ వంతెన 2018 జులై 26న తెరిచారు. ఆనకట్ట కట్టి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. ఈ మధ్య కాలంలో ఆ ప్రాంతం పేరు మనకి వార్తల్లో వినబడింది ఎక్కువగా తుపాకుల వల్లే. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టుల దాడి జరిగినప్పుడు తెలుగు టీవీలన్నీ రోజుల తరబడి ఆ నీళ్ళనే చూపించాయి. ఆ నీళ్ళు అక్కడికెలా వచ్చాయని అడిగిన యాంకర్ నాకైతే గుర్తు లేరు.

* * *

ఇప్పుడు చట్టం. "రాష్ట్రాల మధ్య ఒప్పందానికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదా?" అన్న ప్రశ్న మన ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడు తేలుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు వెంటనే అక్కడి రాజ్యాంగం తీస్తారు. వాళ్ళ మొదటి అధికరణం పదో సెక్షన్ ప్రకారం కాంగ్రెస్ సమ్మతి లేకుండా ఏ రాష్ట్రమూ ఇంకో రాష్ట్రంతో ఒప్పందం చేసుకోకూడదు. వినడానికి కచ్చితంగా ఉంది. ఆచరణలో 1893లోనే వాళ్ళ సుప్రీం కోర్టు వర్జీనియా, టెనెసీ సరిహద్దు కేసులో దాన్ని సడలించింది. రాష్ట్రాల రాజకీయ బలం పెరిగి కేంద్రం ఆధిక్యానికి అడ్డొచ్చే ఒప్పందాలకే సమ్మతి కావాలి, మిగతావాటికి అక్కర్లేదు అంది. అయినా ఆ వాక్యం అక్కడ ఉంది. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్ళొచ్చు.

మన రాజ్యాంగంలో అలాంటి వాక్యమే లేదు. నీరు ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ అంశం, అదీ పార్లమెంటు చట్టం చేసి ప్రజాప్రయోజనం కోసం అవసరమని ప్రకటించినంత మేరకే. ఆ అధికారంతో 1956లో నదీ బోర్డుల చట్టం చేశారు, దాని కింద ఇంతవరకు ఒక్క బోర్డూ పెట్టలేదు. అదే ఏడాది 262వ అధికరణం కింద అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం వచ్చింది. అందులో "జల వివాదం" అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే రాష్ట్రాల మధ్య ఒప్పందం అర్థం మీద, అమలు మీద వచ్చే తగాదా కూడా చేర్చారు. అంటే ఒప్పందాలు ఉంటాయని పార్లమెంటుకి తెలుసు. అవి ఎలా పుట్టాలో మాత్రం చెప్పలేదు. గొడవొస్తే ట్రిబ్యునల్‌కి రండి అంది.

162వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం చేయగలిగిన ప్రతి విషయంలోనూ ప్రభుత్వానికి కార్యనిర్వాహక అధికారం ఉంటుంది. చట్టం ముందే ఉండాలా? అక్కర్లేదని 1955లో రాం జవాయా కపూర్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది పంజాబ్ ప్రభుత్వం పాఠ్యపుస్తకాల ప్రచురణని తన చేతిలోకి తీసుకోవడం మీద, ప్రచురణకర్తలు కోర్టుకెళ్ళడం మీద. పుస్తకాల కేసు ఒకటి నదుల్ని పంచుకునే దారి కూడా సుగమం చేసిందన్నది సాహిత్యాభిమానిగా నాకు ఒకింత చేదుగా అనిపిస్తుంది. ఎవరి హక్కులకీ భంగం కలగనంత వరకు, డబ్బు శాసనసభ మంజూరు చేసినంత వరకు, ప్రభుత్వం చట్టం లేకుండానే పని నడపొచ్చు. 2018లో కావేరి తీర్పు కూడా మద్రాసు, మైసూరు మధ్య 1892, 1924 ఒప్పందాలు రాజ్యాంగ విరుద్ధం కాదనే అంది. 1924 నాటిది యాభై ఏళ్ళకి, 1974లో కాలం తీరిందని మాత్రం చెప్పింది.

కాబట్టి సీలేరు సగం సగం చట్టపరంగా గట్టిదే. "ఎవరి హక్కులకీ భంగం కలగనంత వరకు" అన్న చిన్న షరతు దగ్గర ఆగి చూడమంటాను. నది గట్టున ఉన్నది ఎవరు? సీలేరు ఊరు గూడెం కొత్తవీధి మండలంలో ఉంది, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా. షెడ్యూల్డు ప్రాంతం. ఎదురు గట్టు మల్కనగిరి, పైన కొరాపుట్. అవీ షెడ్యూల్డు ప్రాంతాలే. అంటే ఈ నదికి రెండు పక్కలా ఐదో షెడ్యూలే ఉంది. రెండు రాష్ట్రాలు చెరి సగం పంచుకున్నది నిజానికి బగతలు, కొండదొరలు, కోందులు, పోరజలు ఉండే నేల మీది నీళ్ళు.

ఐదో షెడ్యూలు ఐదో పేరా మొదటి భాగం తీసి చదవండి. పార్లమెంటు చట్టమైనా, రాష్ట్ర శాసనసభ చట్టమైనా, షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నర్ ప్రకటించొచ్చు. ఇది చిన్న అధికారం కాదు. మైదానంలో చేసిన చట్టాన్ని కొండెక్కకుండా ఆపగలిగే గేటు ఒకటి ఉందన్నమాట. ఆ గేటు దగ్గర ఆపేది "చట్టాన్ని". ఒప్పందం చట్టం కాదు. శాసనసభలో పెడితే, చట్టంగా వస్తే, గవర్నర్ దాన్ని ఆపగలరు. పెట్టకపోతే ఎక్కడా ఆగక్కర్లేదు. ఎంత తక్కువమందిని అడిగితే అంత తేలిగ్గా కొండెక్కే ఏర్పాటు ఇది. పైగా 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చేసే ప్రతి పనీ గవర్నర్ పేరు మీదే జరగాలి. కొండ ప్రాంతానికి కావలివాడిగా రాజ్యాంగం పెట్టిన మనిషి పేరు మీదే కొండ నీళ్ళు చేతులు మారతాయి. కావలివాడే కొనుగోలు కాగితం మీద ఉన్నాడు.

భూమి విషయంలో ఇలా లేదని గుర్తు చేస్తాను. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970 సవరణ, వాటి మీద 1997 జులైలో వచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన ఆ కేసులో ప్రభుత్వం కూడా ఒక "వ్యక్తే", గిరిజనేతరులకి షెడ్యూల్డు ప్రాంతం భూమి లీజుకివ్వకూడదు అని సుప్రీం కోర్టు తేల్చింది. భూమి మీద ప్రభుత్వం చెయ్యి పట్టుకుని ఆపిన కోర్టు నీటి దగ్గర ఆపడానికి చేతిలో నిబంధనే లేదు. 1996 పెసా చట్టం కూడా నీటి దగ్గరికొచ్చేసరికి "చిన్న నీటి వనరుల" ప్రణాళిక, నిర్వహణ మాత్రమే పంచాయతీలకిచ్చింది. గెడ్డ మీద మాట చెల్లుతుంది. ఆ గెడ్డ వెళ్ళి కలిసే నది మీద చెల్లదు. భూసేకరణ ముందు గ్రామసభని సంప్రదించాలని పెసా అంటుంది, నిజమే. కానీ ఆ సంప్రదింపు వచ్చేసరికి నీళ్ళు ఎవరికెంత అన్నది ఎప్పుడో రాసేసుకుని ఉంటారు. గ్రామసభకి మిగిలేది ఊరు ఎటు కదలాలన్న చర్చ.

* * *

రెండేళ్ళ కిందట నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదుగా సీలేరు వెళ్ళాను. బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతుంటే ఎదురు బల్ల మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన చుట్టాలు సగం మంది అటు ఒడ్డునే అట. "మీకు అటు ఇటు తేడా ఉంటుందా?" అని అడిగాను. "కార్డు తేడా బాబూ. రేషను కార్డు ఇటుది, మా చెల్లెలిది అటుది. ఏరు ఒకటే కదా," అన్నాడు. బలిమెల నీళ్ళు సగం సగం పంచుకున్న సంగతి తెలుసా అంటే నవ్వి, "గేటు ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి. ఎవుడు ఎత్తమన్నాడో మాకేటి తెలుసు?" అన్నాడు. నేను ఇంత పొడుగు వ్యాసంలో చెప్తున్నది ఆయన ఆ ఒక్క ప్రశ్నలో అడిగేశాడు.

* * *

ఇక పేచీలు. మొదటిది పార్లమెంటు మిత్రులతో.

ఢిల్లీ ఆమోదం ఉంటే న్యాయం జరుగుతుందా? ఇదే నది చివరి మెట్టు దగ్గర చూడండి. లోయర్ సీలేరు ఉన్న చింతూరు మండలం ఒకప్పుడు ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు కోసం ఏడు మండలాల్ని ఆంధ్రలో కలుపుతూ 2014 మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది, తెలంగాణ పుట్టడానికి కొద్ది రోజుల ముందు. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. మూడో అధికరణం ప్రకారం సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుదే, రాష్ట్ర శాసనసభది అభిప్రాయం మాత్రమే. తెలంగాణ నాయకులు 460 మెగావాట్ల లోయర్ సీలేరు పోయిందని మండిపడ్డారు. ఆంధ్ర నాయకులు పోలవరం నిలబడిందని సంతోషించారు. కోయలు, కొండరెడ్లు ఏ జిల్లాకి చెందాలో, ఎంత మునగాలో వాళ్ళ గ్రామసభల మాట మీద ఆ బిల్లు ఆగలేదు. పార్లమెంటు ఆమోదం నూటికి నూరు పాళ్ళు ఉంది. ఉండి ఏం చేసింది?

పోలవరం ముంపు మట్టం సంగతి కూడా అంతే. 1980 జులైలో వచ్చిన బచావత్ గోదావరి ట్రిబ్యునల్ అవార్డు తెరిచి చూస్తే అందులో చాలా భాగం రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాలే. ట్రిబ్యునల్ వాటిని అవార్డులో కలిపేసింది. కార్యాలయాల్లో కుదిరిన మాట న్యాయ నిర్ణయం హోదా తెచ్చుకుంది. ఇవాళ అవార్డుకి సుప్రీం కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది. అయినా ఒడిశా 2007లో సుప్రీం కోర్టులో పోలవరం మీద దావా వేసింది. సంతకం చేసిన రాష్ట్రమే కోర్టుకెక్కిందంటే ఆ సంతకానికి కింద నేల గట్టిగా లేదనే కదా.

అమెరికా ఉదాహరణ కూడా పార్లమెంటు మిత్రులకి పనికిరాదు. కొలరాడో నది మీద ఏడు రాష్ట్రాలు 1922లో ఒప్పందం చేసుకున్నాయి. 1928లో కాంగ్రెస్ సమ్మతి ఇచ్చింది. పై పరీవాహానికి 75 లక్షల ఎకరం-అడుగులు, కింది పరీవాహానికి 75 లక్షలు. అక్కడా సగం సగమే! ఆ నది ఒడ్డున వేల ఏళ్ళుగా ఉన్న ఆదివాసీ తెగలకి ఆ కాగితంలో దక్కింది, వాళ్ళ పట్ల కేంద్రానికున్న బాధ్యతల్ని ఈ ఒప్పందం తాకదన్న ఒక్క వాక్యం. నూరేళ్ళ తర్వాత, 2023లో, నవాహో జాతి తమకి ఎంత నీరు కావాలో లెక్కగట్టి సంపాదించే బాధ్యత కేంద్రానిదని సుప్రీం కోర్టుకెళితే అయిదుగురు కాదన్నారు, నలుగురు ఔనన్నారు. కాంగ్రెస్ ముద్ర పడ్డ ఒప్పందంలో ఆదివాసి స్థానం అది. ఢిల్లీ ముద్ర మన కొండలకి అంతకన్నా ఎక్కువ ఇస్తుందనుకోవడానికి ఆధారం నాకు దొరకలేదు.

రెండో పేచీ "పని జరగనివ్వండి" అనే మిత్రులతో. వీళ్ళు నా వృత్తిలో ఎక్కువ. ప్రతి ఒప్పందాన్నీ శాసనసభకి తీసుకెళితే రాజకీయం చేస్తారు, ప్రాంతీయ భావాలు రేగుతాయి, ఇరవై ఏళ్ళయినా గేటు తెరుచుకోదు, ఇద్దరు ముఖ్యమంత్రులు, నలుగురు ఇంజనీర్లు కూర్చుంటే సాయంత్రానికి తేలిపోతుంది అంటారు. మనవైపు ఇలా మంచి జరిగిన సందర్భం కూడా ఉంది. మద్రాసు దాహం తీర్చడానికి 1970లలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు కృష్ణ నుంచి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. తెలుగు గంగ అలా పుట్టింది. ఈ వాదనకి బలం లేదనను.

కానీ శాసనసభని మొదట్లో పిలవకపోతే అది చివర్లో పిలవకుండానే వస్తుంది. 1981 డిసెంబర్ 31న పంజాబ్, హర్యానా, రాజస్థాన్ ముఖ్యమంత్రులు ఇందిరాగాంధీ సమక్షంలో రావి-బియాస్ నీళ్ళ మీద సంతకాలు చేశారు. సాయంత్రానికి తేలిపోయిన ఒప్పందమే అది. 2004లో పంజాబ్ శాసనసభ ఒక చట్టం చేసి ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. రాష్ట్రపతి సుప్రీం కోర్టు అభిప్రాయం అడిగారు. పన్నెండేళ్ళు పట్టింది. 2016 నవంబర్ 10న కోర్టు, ఒక రాష్ట్రం ఏకపక్షంగా ఒప్పందం తెంచుకోలేదు అంది. ఇప్పుడు ఈ రెంటినీ కలిపి చూడండి. ఒప్పందం చేసుకోవడానికి శాసనసభ అక్కర్లేదు. దాన్ని వదిలించుకోవడానికి శాసనసభకి అధికారం లేదు. ఒక మంత్రివర్గం పెట్టిన సంతకం, ఆ రాష్ట్రం తర్వాత ఎన్నుకునే ప్రతి శాసనసభనీ కట్టేస్తుంది. నేను ఆ తీర్పు తప్పనడం లేదు. ఎవరికి వాళ్ళు ఒప్పందాలు చించేసుకుంటే కింద గట్టున ఉన్నవాడికి నీళ్ళే రావు. అంత గట్టి ముడి వేసే ముందు ఆ ముడిలో ఇరుక్కునేవాళ్ళని అడగాలి అంటున్నాను, అంతే. బయటికి వెళ్ళే తలుపు మూసేసినప్పుడు లోపలికొచ్చే తలుపు దగ్గరైనా జనం ఉండాలి కదా.

మన ఇంటి ఉదాహరణ 299:512. ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీల కృష్ణా జలాల్లో తెలంగాణకి 299, ఆంధ్రకి 512 అని 2015 జూన్‌లో ఢిల్లీలో కేంద్ర జలవనరుల శాఖ సమావేశంలో రాసుకున్నారు. ఏడాదికి తాత్కాలికంగా అన్నది ఏళ్ళ తరబడి సాగింది. తర్వాత తెలంగాణలో ప్రభుత్వం మారింది, "ఆ సంతకం పెట్టిందెవరు?" అన్నది శాసనసభలో పెద్ద రణమైంది. మొదటి రోజే ఆ కాగితం శాసనసభ బల్ల మీదకి వచ్చి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో రికార్డులో ఉండేది. గొడవ తప్పించుకోవడానికి చాటున చేసిన పని గొడవని వాయిదా మాత్రమే వేసింది, వడ్డీతో.

* * *

ఇదంతా ఇప్పుడెందుకంటే, సీలేరు మీద ఇంకో కాగితం తయారవుతోంది. అప్పర్ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఏపీ జెన్‌కో ప్రతిపాదన. కింది జలాశయంలో నీళ్ళని చవక కరెంటు ఉన్న గంటల్లో పైకి తోడి, గిరాకీ ఉన్న గంటల్లో కిందకి వదిలి కరెంటు చేస్తారు. కొండని పెద్ద బ్యాటరీగా వాడుకోవడం. తోడటానికి అయ్యే కరెంటు తిరిగొచ్చే కరెంటు కన్నా ఎక్కువే. అయినా సౌర విద్యుత్ పెరిగేకొద్దీ ఇది అవసరమని ఇంజనీర్లంటారు, ఆ లెక్క నాకూ అర్థమవుతుంది. 2021 నవంబర్ 9న ఆంధ్ర ముఖ్యమంత్రి జగన్, ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కలిసినప్పుడు కొటియా ఊళ్ళు, నేరడి, జంఝావతితో పాటు బలిమెల, అప్పర్ సీలేరులకి నిరభ్యంతర పత్రాల సంగతీ మాట్లాడుకున్నారు. ప్రధాన కార్యదర్శుల స్థాయిలో కమిటీ వేస్తామన్నారు. అప్పటి ముఖ్యమంత్రులిద్దరూ 2024లో ఓడిపోయారు. పద్ధతి ఓడిపోలేదు. రేపు ఎవరు సంతకం చేసినా అదే పద్ధతి, అదే గది, అంతే మంది.

ఆ కరెంటు ఎవరికోసం? 2025 అక్టోబర్‌లో విశాఖపట్నానికి గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించారు. నాలాంటివాళ్ళు రాసే కోడ్ నడిచేది అలాంటి చోట్లే. ఈ వ్యాసం మీ ఫోన్‌లో తెరుచుకోవడానికి కూడా ఎక్కడో ఒక సర్వర్ తిరగాలి. అందుకే ఈ నది పంపకం మైదానం వాళ్ళకి పరాయి విషయం అనుకోకండి. పంపకంలో మన వాటా ఎవరూ గట్టిగా చెప్పరు గానీ, అన్నిటికన్నా పెద్దది మనదే.

నేను కోరేది రాజ్యాంగ సవరణ కాదు. 17వ అంశం కింద రాష్ట్ర శాసనసభ తనే ఒక చిన్న చట్టం చేసుకోవచ్చు. చట్టం ఉన్నచోట ప్రభుత్వం దాని ప్రకారమే నడవాలి, కార్యనిర్వాహక అధికారం అక్కడ ఆగుతుంది. ఆ చట్టంలో నాలుగు మాటలు చాలు. ఒకటి, పక్క రాష్ట్రంతో నీటి మీద చేసుకునే ఏ ఒప్పందమైనా, నిరభ్యంతర పత్రమైనా, శాసనసభ తీర్మానం లేకుండా అమల్లోకి రాదు. రెండు, అది షెడ్యూల్డు ప్రాంతాన్ని తాకితే గిరిజన సలహా మండలి ముందు పెట్టాలి, వాళ్ళ అభిప్రాయాన్ని బయటపెట్టాలి. మూడు, ముంపు, నీటి మట్టం మార్పు ఉన్న ప్రతి ఊళ్ళో గ్రామసభ జరగాలి. నాలుగు, కాగితం తెలుగులో అచ్చు కావాలి, సభలో కువిలోనూ ఆదివాసీ ఒడియాలోనూ చదివి వినిపించాలి. ఒడిశా కూడా ఇదే చేస్తే మంచిది. చేయకపోతే మన వైపు మనం చేయడానికి అడ్డేమీ లేదు.

గ్రామసభలు అడ్డుపడతాయని భయపడేవాళ్ళకి నియమగిరి గుర్తుంటుంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు గ్రామసభల్ని అడగమంది, పన్నెండు గ్రామసభలు వేదాంత గనిని వద్దన్నాయి. ఆకాశం విరిగి పడలేదు. ఒక గని రాలేదు, అంతే. సీలేరులో గ్రామసభలు ఔననొచ్చు, షరతులు పెట్టొచ్చు, కాదనొచ్చు. మూడింటికీ సిద్ధపడకుండా అడగడం అడగడం కాదు. శాసనసభలో పెడితే పాడేరు, అరకు, రంపచోడవరం ఎమ్మెల్యేలు ఏ పార్టీ వాళ్ళయినా లేచి ఏదో ఒకటి మాట్లాడాలి. మాట్లాడకపోతే ఆ మౌనం కూడా రికార్డవుతుంది. ఇవాళ ఆ మౌనానికి కూడా చోటు లేదు.

చివరిగా పాఠకులకి ఒక మాట. మనం కథలో ఎవరి గొంతు వినబడటం లేదో వెతకడం నేర్చుకున్నాం. కవితలో దాచిన కులాన్ని, సినిమాలో దాచిన ప్రాంతాన్ని పట్టుకుంటాం. ఆ చూపుని జీవోల మీదకి, ఒప్పందాల మీదకి, అవార్డుల అనుబంధాల మీదకి తిప్పుదాం. అవి నీరసంగా ఉంటాయి, నిజమే. ఎవరూ చదవరన్న ధైర్యంతో రాసిన రచనలు అలాగే ఉంటాయి. అప్పర్ సీలేరు కాగితం బయటకొచ్చిన రోజు దాన్ని ఒక నవలని సమీక్షించినంత శ్రద్ధగా పేజీ పేజీ చదివి, ఇక్కడే రాయాలని నా కోరిక. నాకన్నా ముందు మీరెవరైనా రాస్తే ఇంకా మంచిది.